బ్రేకు వేస్తే వెనక చక్రం జారుతోందా? ముందు బ్రేకు సంగతి చెప్పండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: బండి 150 సీసీ, ముందు డిస్కు, వెనక డ్రమ్, చక్రం బిగుసుకోకుండా కాపాడే ఏబీఎస్ పరికరం లేదు. ఎవరైనా అడ్డం వస్తే బ్రేకు వేయగానే వెనక చక్రం కీచుమని జారి పక్కకు తిరుగుతోంది. వానలో రెండుసార్లు పడబోయి తమాయించుకున్నారు. ఒక మెకానిక్ వెనక బ్రేకు లూజు చేసి పంపాడు, ఇంకొకరు టైరు మార్చమంటున్నారు. చివర్లో ఒక మాట రాశారు, "ముందు బ్రేకు వేస్తే బండి పల్టీ కొడుతుందని దాని జోలికి వెళ్ళను" అని.

అసలు జబ్బు ఆ చివరి మాటలోనే ఉంది. బండి నేర్పిన ప్రతివాళ్ళూ ఆ మాట చెప్తారు. నాకు నేర్పిన మా బాబాయి కూడా అదే చెప్పాడు, చెప్పడమే కాదు, నా కుడిచేతి వేళ్ళు లీవర్ మీదకి వెళ్తే వెనక నుంచి మొట్టేవాడు. దాంతో బండి నడపడం మొదలుపెట్టిన చాలా ఏళ్ళ వరకు నేను కుడికాలితోనే బండి ఆపాను. వెనక టైరు మధ్యలో చదునుగా అరిగిపోయేది, ముందు డిస్కుని నొక్కి పట్టే ప్యాడ్లు మాత్రం కొత్తవాటిలా మెరుస్తూ ఉండేవి. తర్వాత బళ్ళు బాగు చేసే పనిలో పడ్డాక, "స్కిడ్ అవుతోంది" అని వచ్చిన బళ్ళు చూస్తే సగానికి సగం ఇదే కథ. వెనక డ్రమ్ లోపల రాసుకునే బ్రేకు షూస్ అరిగిపోయి ఉంటాయి, ముందు ప్యాడ్లు చెక్కుచెదరకుండా ఉంటాయి. బండిని చూస్తే మనిషి ఎలా నడుపుతాడో తెలిసిపోతుంది.

ముందు ఒక చిన్న లెక్క చూడండి, మిగతాదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

బస్సు సడెన్ బ్రేకు వేస్తే నిలబడ్డవాళ్ళంతా ముందుకు తూలతారు కదా. బండి బరువు కూడా అలాగే ముందుకు తూలుతుంది. బండి 140 కిలోలు, మీరు 70 కిలోలు, మొత్తం 210 కిలోలు అనుకుందాం. ఆగి ఉన్నప్పుడు రెండు చక్రాల మీదా చెరి సగం, అంటే 105 కిలోలు ఉన్నాయనుకుందాం. చక్రాల మధ్య దూరం 1.3 మీటర్లు, మీతో కలిపి బరువు కేంద్రం నేల నుంచి 60 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకుందాం. 60 కిలోమీటర్ల వేగం నుంచి 24 మీటర్లలో ఆగేలా బ్రేకు వేస్తే, ఆ ఆగుతున్నంతసేపూ ముందు చక్రం మీద 162 కిలోల దాకా పడుతుంది. వెనక 48 కిలోలే మిగులుతాయి. టైరు రోడ్డును పట్టుకునే శక్తి దాని మీద పడే బరువును బట్టి ఉంటుంది. అంటే మీరు బ్రేకు వేసిన క్షణం నుంచే వెనక టైరుకి పట్టు తగ్గిపోతూ ఉంటుంది. సరిగ్గా అప్పుడే మీరు కంగారులో పెడల్ మీద మొత్తం కాలి బలం వేస్తున్నారు. చక్రం బిగుసుకుపోకుండా ఎలా ఉంటుంది?

బిగుసుకుపోయిన చక్రంతో రెండు నష్టాలు. దొర్లే టైరు కంటే ఈడ్చుకుపోయే టైరుకి పట్టు తక్కువ, కాబట్టి బండి ఇంకా దూరం పోతుంది. అంతకంటే పెద్ద చిక్కు ఏంటంటే, దొర్లే చక్రం తను తిరిగే దారిలోనే పోతుంది, ఈడ్చుకుపోయే చక్రానికి దారంటూ ఉండదు. రోడ్డు కాస్త పక్కకి వాలి ఉన్నా, మీ ఒళ్ళు కొంచెం ఒరిగినా వెనక భాగం అటు జరిగిపోతుంది. మీరు చెప్పిన "పక్కకు తిరగడం" అదే. పెడల్ వదిలితే సర్దుకుంటుంది, కానీ కంగారులో ఉన్న మనిషి ఇంకా గట్టిగా తొక్కుతాడు తప్ప వదలడు.

ఇంకో అంకె కూడా చెప్తాను, దీంతోనే నేను మారాను. పొడి తారు రోడ్డు మీద వెనక బ్రేకు ఒక్కటే, ఎంత నేర్పుగా వేసినా, 60 నుంచి ఆగడానికి సుమారు 45 నుంచి 50 మీటర్లు కావాలి. రెండు బ్రేకులూ బాగా వాడేవాడు 20 మీటర్ల చుట్టుపక్కల ఆగగలడు. ఇద్దరూ పక్కపక్కనే ఒకే గీత దగ్గర బ్రేకు వేశారనుకోండి. రెండు బ్రేకులూ వాడినవాడు పూర్తిగా ఆగిపోయిన చోట వెనక బ్రేకు ఒక్కటే వేసినవాడు ఇంకా 45 కిలోమీటర్ల వేగంలో దూసుకుపోతుంటాడు. దీనికి తోడు చూసి, గుర్తించి, చెయ్యి కదిలేసరికి ఒక సెకను పోతే అందులోనే 17 మీటర్లు గడిచిపోతాయి, అది ఇద్దరికీ సమానమే.

ఇక పల్టీ సంగతి. పైన చెప్పిన కొలతల బండి ముందుకి పల్టీ కొట్టాలంటే వేగం ఎంత గట్టిగా తగ్గాలంటే, మామూలు టైర్లకి మామూలు రోడ్డు మీద అంత పట్టు దొరకదు. అంతకంటే ముందే టైరు జారుతుంది. ఎత్తుగా ఉండి చక్రాల మధ్య దూరం తక్కువగా ఉండే బళ్ళలో, మెత్తటి రబ్బరుతో చేసిన స్పోర్ట్స్ టైర్లతో, బాగా దిగుడు రోడ్డులో వెనక చక్రం లేస్తుంది, నిజమే. కానీ "ముందు బ్రేకు వేసి పడ్డాను" అని నా దగ్గరికి వచ్చినవాళ్ళలో పల్టీ కొట్టినవాడు ఒక్కడూ లేడు. అందరూ పక్కకి పడ్డవాళ్ళే. హ్యాండిల్ తిప్పి ఉండగా, నెమ్మదిగా పోతూ, లీవర్ని ఒక్కసారిగా లాగినవాళ్ళు. లేదా ఇసుక మీద లాగినవాళ్ళు. ముందు చక్రం బిగుసుకుపోతే సర్దుకోవడానికి సెకను కూడా దొరకదు, ఆ భయం న్యాయమైనదే. అయితే దానికి మందు ముందు బ్రేకు మానేయడం కాదు, దాన్ని లాగే తీరు మార్చుకోవడం.

ఆ తీరు ఇదీ. ముందు చక్రానికి పట్టు వచ్చేది బరువు దాని మీదకి వచ్చాక. బరువు రావడానికి కొంచెం సమయం పడుతుంది, అర సెకను కంటే తక్కువే, కానీ పడుతుంది. మీరు ఒక్క గుంజు గుంజితే బరువు ఇంకా రాకముందే చక్రం బిగుసుకుంటుంది. అందుకని లీవర్ని రెండు దశల్లో లాగాలి. మొదట ప్యాడ్లు డిస్కుని తాకి ముందు షాకబ్జర్లు కిందికి కుంగేంత. అవి కుంగడం మీ అరచేతులకి తెలుస్తుంది, బండి ముక్కు కిందికి దిగుతుంది. ఆ తర్వాత తడిబట్ట పిండినట్టు బలం పెంచుకుంటూ పోవాలి. గుంజడం వద్దు, పిండాలి. బాగా అలవాటైనవాళ్ళకి ఈ రెండు దశలూ కలిసిపోయి బయటి నుంచి చూస్తే ఒకే లాగుడులా కనిపిస్తాయి, కానీ చేతికి మాత్రం రెండూ విడివిడిగా తెలుస్తూనే ఉంటాయి.

వెనక బ్రేకు దీనికి తలకిందులుగా నడుస్తుంది. మొదట్లో కొంచెం గట్టిగా తొక్కొచ్చు, ఎందుకంటే అప్పటికి వెనక చక్రం మీద బరువు ఇంకా ఉంది. ముందు బలం పెరిగేకొద్దీ కాలు తేలిక చేయాలి. చెయ్యి బిగుస్తుంటే కాలు వదులవ్వాలన్నమాట. మన సహజ గుణం దీనికి పూర్తిగా వ్యతిరేకం, భయమేస్తే చేతులూ కాళ్ళూ అన్నీ కలిసి బిగుస్తాయి. అందుకే ఇది చదివితే రాదు, అలవాటు చేస్తేనే వస్తుంది. మొదటి కొన్నాళ్ళు మీకు ఒక సులువు చెప్తాను: పాదం పెడల్ మీద బరువు వేయకుండా మడమని ఫుట్‌రెస్ట్ మీద ఆనించి, వేళ్ళ కింది భాగంతో మాత్రమే నొక్కండి. కాలు మొత్తం ఎత్తి తొక్కడం మానేస్తే చాలు, సగం స్కిడ్లు ఆగిపోతాయి.

ఒళ్ళు ఎలా ఉండాలన్నది చాలామంది పట్టించుకోరు. బ్రేకు వేసినప్పుడు మీ ఒళ్ళు ముందుకి జారుతుంది, ఆ బరువంతా చేతుల మీదుగా హ్యాండిల్ మీద పడితే హ్యాండిల్ ఏదో ఒక పక్కకి తిరుగుతుంది. మోకాళ్ళతో ట్యాంకుని గట్టిగా పట్టుకోండి, మోచేతులు కొంచెం వంగి ఉండాలి. చూపు దూరంగా, మీరు పోవాలనుకున్న ఖాళీ వైపు ఉండాలి. అడ్డం వచ్చినదాన్నే చూస్తే బండి సరిగ్గా దాని మీదకే పోతుంది, ఇది ఎందరికో అనుభవం.

క్లచ్ గురించి వాదనలు చాలా ఉన్నాయి. నా మాట ఇదీ: మామూలుగా నెమ్మదించేటప్పుడు క్లచ్ పట్టకండి, గేరులో ఉన్న ఇంజన్ వెనక చక్రాన్ని మెత్తగా పట్టి ఉంచుతుంది. అత్యవసరంగా ఆగాల్సి వస్తే మాత్రం బ్రేకులతో పాటు క్లచ్ కూడా పట్టేయండి. ఇంజన్ ఏం చేస్తుందో ఆలోచించే తీరిక అప్పుడు ఉండదు. ఇక్కడే ఇంకో అనుమానం అడుగుతాను, మీరు నాలుగో గేరు నుంచి టకటకా రెండోకి దించి క్లచ్ ఒక్కసారిగా వదిలే అలవాటు ఉన్నవారా? అలా చేస్తే బ్రేకు ముట్టుకోకపోయినా వెనక చక్రం బిగుసుకుంటుంది, జారుడు అచ్చం బ్రేకు జారుడులాగే ఉంటుంది. దాన్ని బ్రేకు తప్పు అనుకుని షూస్ మార్పించుకున్నవాళ్ళు ఉన్నారు.

జారడం మొదలయ్యాక ఏం చేయాలో ఇప్పుడే మనసులో పెట్టుకోండి, అప్పుడు ఆలోచించలేరు. వెనక చక్రం బిగుసుకుని బండి ఇంకా తిన్నగానే ఉంటే పెడల్ని నెమ్మదిగా తేలిక చేయండి, చక్రం మళ్ళీ తిరుగుతుంది. వేగం మీద ఉండగా వెనక భాగం ఇప్పటికే బాగా పక్కకి వచ్చేస్తే మాత్రం చటుక్కున వదలొద్దు. వదిలితే టైరు ఒక్కసారిగా రోడ్డుని పట్టుకుని, బండి ఒక్క ఊపుతో లేచి మిమ్మల్ని అవతలి పక్కకి విసిరేస్తుంది, ఇది జారి పడటం కంటే చాలా ప్రమాదం. అప్పుడు పెడల్ అలాగే పట్టి ఉంచి, చూపు ముందుకి పెట్టి, బండి ఆగేదాకా నిలబెట్టుకోవడమే మేలు. ముందు చక్రం జారితే సూత్రం వేరు: అప్పటికప్పుడు లీవర్ వదిలేయాలి, చక్రం తిరగ్గానే మళ్ళీ మెత్తగా పిండాలి.

ఇప్పుడు మీ మెకానిక్ సంగతి. వెనక బ్రేకు లూజు చేయడం మందు కాదు, నొప్పి తెలియకుండా చేయడం. పెడల్ ఖాళీ ఆట, అంటే బ్రేకు పట్టకముందు పెడల్ ఊరికే దిగే దూరం, సాధారణంగా 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఉండాలి, మీ బండి మాన్యువల్‌లో కచ్చితమైన అంకె ఉంటుంది. అంతకంటే ఎక్కువైతే కాలు ఖాళీగా లోపలికి దిగి, దిగిన ఊపుతోనే బ్రేకు మీద పడుతుంది. మెత్తగా నొక్కే అవకాశమే ఉండదు. దాన్ని మళ్ళీ కొలత ప్రకారం బిగించుకోండి.

అయితే తప్పంతా మీదేనని నేను అనడం లేదు. డ్రమ్ లోపల జబ్బు ఉండే అవకాశం కూడా ఉంది. ఒకసారి ఒకాయన బండి తెచ్చాడు, ఏడాదిలో రెండు వెనక టైర్లు మార్చాడట, అయినా చిన్న బ్రేకుకే చక్రం పట్టేస్తోందట. మెయిన్ స్టాండ్ వేసి చక్రం చేత్తో తిప్పి, పెడల్ని అరచేత్తో నెమ్మదిగా నొక్కి చూశాను. సగం దాకా ఏమీ లేదు, ఆ తర్వాత ఒక్కసారిగా గుప్పున పట్టింది. వదిలాక కూడా చక్రం బరువుగానే తిరిగింది. విప్పి చూస్తే షూస్‌ని విప్పదీసే కామ్ షాఫ్టు తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంది, ఏళ్ళ తరబడి గ్రీజు ముఖం చూడలేదు. షూస్ మీద పొర అద్దంలా నున్నగా అయిపోయింది. కామ్ శుభ్రం చేసి పలచగా గ్రీజు రాసి, కొత్త షూస్ వేస్తే బండి బుద్ధిగా ఆగింది. రెండు టైర్ల డబ్బు ఊరికే పోయింది. మీరు కూడా ఇదే పరీక్ష ఇంట్లో చేసుకోవచ్చు. పెడల్ నొక్కేకొద్దీ చక్రం అంచెలంచెలుగా బరువెక్కాలి, వదలగానే తేలిగ్గా తిరగాలి. మధ్యలో ఎక్కడైనా గుప్పున పట్టినా, చక్రం ఒక చుట్టులో ఒకచోట పట్టి ఒకచోట వదిలినా డ్రమ్ విప్పించాల్సిందే. రెండోదైతే డ్రమ్ గుండ్రం తప్పి ఉండొచ్చు. డ్రమ్ బయట, పెడల్ నొక్కితే కదిలే బ్రేకు ఆర్మ్ దగ్గర ఒక చిన్న బాణం గుర్తు ఉంటుంది, పెడల్ పూర్తిగా నొక్కినప్పుడు అది హద్దు గీత దాటితే షూస్ అయిపోయినట్టే.

ముందు బ్రేకు మీద మీకు నమ్మకం లేకపోవడానికి బ్రేకే కారణమా అన్నది కూడా చూడండి. లీవర్ పట్టుకుంటే స్పాంజిలా మెత్తగా లోపలికి పోతోందా? అయితే గొట్టంలో గాలి ఉంది, లేదా బ్రేకు ఆయిల్ పాతబడింది. డాట్ 3, డాట్ 4 రకం ఆయిల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 మరిగే వేడి కనీసం 230 డిగ్రీలు ఉంటే, తేమ పట్టినదానికి ఆ హద్దు 155 డిగ్రీలే. అందుకే రెండేళ్ళకోసారి మార్చాలంటారు, ఆయిల్ డబ్బా మూత దగ్గరి చిన్న అద్దంలోంచి టీ డికాక్షన్ రంగులో కనిపిస్తే ఆగకుండా మార్చేయండి. ముందు షాకబ్జర్ల ఆయిల్ సీలు కారుతోందేమో కూడా చూడండి. ఆ నూనె బొట్లు బొట్లుగా కిందికి వచ్చి డిస్కు మీద పడితే బ్రేకు ఒకరోజు పట్టదు, ఒకరోజు గీకుతుంది. నూనె తాగిన ప్యాడ్లని ఉప్పు కాగితంతో రుద్ది మళ్ళీ వేసే అలవాటు కొందరికి ఉంది. నేను చేయను. ప్యాడ్ల దగ్గర పిసినారితనం ఎందుకు చేస్తారో నాకు అర్థం కాదు. ఆ మాటకొస్తే చెయిన్‌కి స్ప్రే కొట్టేటప్పుడు తుంపర చక్రం మీద పడకుండా వెనక అట్టముక్క పెట్టుకోవడం కూడా మంచిది.

టైరు మార్చమన్నవారి మాట కొట్టిపారేయలేను, చూడకుండా ఒప్పుకోనూ లేను. టైరు గాడుల మధ్య అక్కడక్కడ చిన్న రబ్బరు గట్లు ఉంటాయి. పై రబ్బరు అరిగి ఆ గట్లతో సమానమైందంటే టైరు పని అయిపోయింది. గాడులు బాగున్నా రబ్బరు గట్టిపడి ఉండొచ్చు. టైరు పక్కన డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. తక్కువ తిరిగే బళ్ళలో గాడులు నిగనిగలాడుతూ ఉంటాయి, రబ్బరు మాత్రం గోరు దిగనంత గట్టిగా, పక్కన సన్నటి పగుళ్ళతో ఉంటుంది. అలాంటి టైరు పొడి రోడ్డు మీద ఫరవాలేదనిపిస్తుంది, చినుకు పడితే సబ్బు బిళ్ళే. ఇంకో మాట, కొత్త టైరు వెనక వేసి పాత వెనక టైరుని ముందుకి మార్చే పని ఎవరు చెప్పినా వినొద్దు. బండిని నిలబెట్టేది ముందు టైరు.

గాలి గురించి ఒక్క ముక్క: మైలేజీ కోసమని, పంక్చర్లు కావని స్టిక్కర్ మీద రాసినదానికంటే చాలా ఎక్కువ కొట్టిస్తారు. అలా చేస్తే టైరు రోడ్డుని తాకే మచ్చ చిన్నదవుతుంది, గతుకుల మీద ఎగురుతుంది, ఎగిరిన క్షణంలో బ్రేకు ఉంటే బిగుసుకుంటుంది. బండి చల్లగా ఉన్నప్పుడు, వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ మీదో చెయిన్ కవరు మీదో అంటించిన అంకె ప్రకారమే కొట్టించండి.

వాన విషయంలో మీరు రెండుసార్లు పడబోయానన్నారు కాబట్టి కొంచెం ఆగి చెప్తాను. వాన మొదలైన తొలి నిమిషాలే అన్నిటికంటే చెడ్డవి. రోడ్డు మీద ఎన్నాళ్ళుగానో ఇంకిన నూనె, దుమ్ము, రబ్బరు పొడి నీళ్ళతో కలిసి పైకి తేలతాయి. గట్టిగా కురిసి కొట్టుకుపోయాక రోడ్డు కాస్త నయం. రంగు వేసిన గీతలు, ఇనుప మూతలు, వంతెనల మీది ఇనుప అతుకులు, రాలిన ఆకులు, డీజిల్ పడి ఇంద్రధనుస్సులా మెరిసే మచ్చలు, వీటి మీద బ్రేకు వేయకండి. వాటికి ముందే వేసి, వాటి మీద వదిలేసి, దాటాక మళ్ళీ వేయండి. ఆగి ఉన్నప్పుడు కాలు పెట్టే చోటు కూడా చూసుకోండి, బండి కంటే ముందు మన చెప్పు జారుతుంది.

తడిలో ఇంకో తమాషా ఉంది, చాలామందికి తెలియదు. తడి రోడ్డు మీద అంత గట్టిగా ఆగలేం కాబట్టి బరువు కూడా అంతగా ముందుకి పోదు. మన లెక్క బండిలో నెమ్మదిగా ఆగేటప్పుడు వెనక మూడోవంతు దాకా బరువు మిగిలే ఉంటుంది. అంటే వానలో వెనక బ్రేకు వాటా పొడి రోడ్డు మీద కంటే పెరుగుతుంది. రెండూ వాడాలి, రెండూ మెత్తగా, చాలా ముందు నుంచే. డిస్కు మీద నీళ్ళు ఉంటే లీవర్ లాగిన మొదటి క్షణం ఏమీ పట్టనట్టుంటుంది, కంగారుపడి ఇంకా లాగుతారు, సరిగ్గా అప్పుడే నీళ్ళు తుడుచుకుపోయి గట్టిగా పట్టేస్తుంది. వానలో పోతున్నప్పుడు అప్పుడప్పుడూ ఊరికే లీవర్ని తాకిస్తూ డిస్కుని ఆరబెట్టుకుంటూ ఉండండి.

మలుపులో బ్రేకు వేయకుండా ఉండాలంటే మలుపుకి ముందే వేగం తగ్గాలి, ఇది అందరూ చెప్పేదే. ఎందుకన్నదానికి అంకె చెప్తాను. టైరు పట్టు ఒక్కటే, దాన్ని తిరగడానికీ ఆగడానికీ పంచుకోవాలి. మంచి పొడి రోడ్డు మీద 30 డిగ్రీలు వాలి తిరుగుతుంటే బ్రేకుకి మిగిలేది మొత్తం పట్టులో మూడింట రెండు వంతులు. 35 డిగ్రీలు వాలితే సగానికి పడిపోతుంది. తడి రోడ్డు మీద 30 డిగ్రీలు వాలడానికే పట్టు చాలకపోవచ్చు, ఇక బ్రేకుకి ఏం మిగులుతుంది? మలుపు మధ్యలో తప్పనిసరిగా ఆగాల్సి వస్తే ముందు బండిని నిలువుగా లేపి, తర్వాత పిండండి. చోటు లేకపోతే రెండు బ్రేకులూ వేలితో తాకినంత మెత్తగా వేస్తూ, బండి నిలువయ్యేకొద్దీ పెంచండి.

ఇప్పుడు అలవాటు చేసుకోవడం. ఖాళీగా, చదునుగా, పొడిగా ఉన్న చోటు, హెల్మెట్, గ్లవ్స్, చీలమండ కప్పే బూట్లు. ఒక ఇటుకో సుద్దగీతో గుర్తు పెట్టండి, గుర్తు దగ్గరే బ్రేకు మొదలవ్వాలి. మొదటిరోజు 20 కిలోమీటర్ల వేగంతో, ముందు బ్రేకు ఒక్కటే, వెనకది ముట్టుకోకుండా. పదిహేను ఇరవై సార్లు చేశాక ఆ లీవర్ మీద ఉన్న టెన్షన్ దానంతటదే పోతుంది. షాకబ్జర్లు కుంగడం చేతులకి తెలియడం మొదలయ్యాక 30, ఆ తర్వాత 40. అప్పుడు వెనక బ్రేకు కలపండి. ఆగిన చోటు నుంచి గుర్తు దాకా అడుగులతో కొలుచుకోండి. 40 నుంచి పది పదకొండు మీటర్లలో చక్రాలు జారకుండా ఆగితే మీరు బాగా చేస్తున్నట్టు. అంతకంటే తగ్గించాలని పంతానికి పోవద్దు. వెనక చక్రం బిగుసుకుంటే ఎలా ఉంటుందో తెలుసుకోవాలనుకుంటే గట్టి మట్టి నేల మీద, 15 కిలోమీటర్ల వేగంలో, తిన్నగా పోతూ కావాలని ఒకసారి బిగించి వదిలి చూడండి. ఆ శబ్దం, నడుము దగ్గర తెలిసే ఆ ఊగుడు గుర్తుంటే రోడ్డు మీద కంగారు తగ్గుతుంది. ముందు చక్రంతో ఈ ప్రయోగం ఎప్పుడూ చేయకండి.

వెనక ఎవరైనా కూర్చుంటే కథ కొంచెం మారుతుంది, వెనక చక్రం మీద బరువు ఉంటుంది కాబట్టి వెనక బ్రేకు కాస్త గట్టిగా పనిచేస్తుంది. కానీ వాళ్ళు మీ వీపు మీదకి వచ్చి పడతారు, ఆ తోపుడు మీ చేతుల్లోకి రాకుండా చూసుకోవాలి. ముందే ట్యాంకుకి చెయ్యి ఆనించమని చెప్పండి.

ఏబీఎస్ ఉన్న బండి కొంటే సమస్య తీరుతుందా అని మీరు అడగలేదు కానీ అడగబోతారు. 1988లో బీఎమ్‌డబ్ల్యూ తన కె100 బండికి పెట్టినప్పటి నుంచి ఆ పరికరం చాలా ప్రాణాలు నిలబెట్టింది, కొత్త బండి కొనేటప్పుడు కచ్చితంగా తీసుకోమంటాను. చక్రం బిగుసుకోబోతోందని తెలియగానే అది బ్రేకుని క్షణంలో వదిలి మళ్ళీ పట్టుకుంటుంది, లీవర్ చేతిలో టకటకా కొట్టుకుంటుంది. అలా కొట్టుకున్నప్పుడు భయపడి వదిలేయకూడదు, అలాగే పట్టి ఉంచాలి. అయితే సింగిల్ ఛానెల్ అని రాసి ఉంటే అది ముందు చక్రానికే, వెనకది మీరు ఇప్పుడు జారినట్టే జారుతుంది. కంకర మీద, మలుపులో బాగా వాలినప్పుడు మామూలు ఏబీఎస్ కూడా గారడీలు చేయలేదు.

మీరు ఈ వారం చేయాల్సిన పనులు నా లెక్కలో ఈ వరసలో ఉన్నాయి: మొదట మెయిన్ స్టాండ్ మీద వెనక చక్రం పరీక్ష, పెడల్ ఆట కొలత. తర్వాత రెండు టైర్ల గాలి, గట్లు, ఆ నాలుగు అంకెలు. తర్వాత బ్రేకు ఆయిల్ రంగు, ముందు సీళ్ళు. ఇవన్నీ కలిపి అరగంట పని. ఆ నాలుగు అంకెలు ఏమున్నాయో, పెడల్ ఎక్కడ పట్టిందో చూసి రాయండి, దాన్ని బట్టి మిగతాది చెప్తాను. టైరు ఆరేళ్ళు దాటినదైతే ఇటుకా సుద్దగీతా పక్కన పెట్టి మొదట టైర్లే మార్పించండి, కొత్త టైర్ల మీది నున్నటి పొర పోయేదాకా నూటయాభై కిలోమీటర్లు మెత్తగా నడిపి, ఆ తర్వాత ప్రాక్టీసు మొదలుపెట్టండి.